ఓసులో ‘ఇన్సేన్’ దగ్గర ఆగిపోయాను. 34 ఏళ్లకు నా రియాక్షన్ స్పీడ్ సరిపోదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఎనిమిది నెలలుగా ల్యాప్‌టాప్‌లో ఓసు ఆడుతున్నారు, అంటే పాట లయకు తగ్గట్టు తెరమీద కనబడే నోట్లను కొట్టే గేమ్. నార్మల్, హార్డ్ స్థాయి మ్యాప్‌లు (ఒక్కో పాటకు అమర్చిన నోట్ల వరస) బాగానే వస్తున్నాయి. వాటి పైస్థాయి ఇన్సేన్‌కు రాగానే పాట సగంలో చేతులు బిగుసుకుపోతున్నాయి. వయసు 34, చిన్నప్పుడు సంగీతం నేర్చుకోలేదు, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఆడతారు. రియాక్షన్ తక్కువేమో, వదిలేయాలా అని అడిగారు. ఇంత కష్టపడి జనం ఈ గేమ్స్ ఎందుకు ఆడతారని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. మీ సమస్య రియాక్షన్ కాదు, వయసు అసలే కాదు. మీరు రాసినదాన్ని బట్టి నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి. ఇయర్‌బడ్స్ వల్ల పాట మీకు ఆలస్యంగా వినిపిస్తోంది. మీరు నోట్‌ను చూసి కొడుతున్నారు, పాట విని కొట్టడం లేదు. ఇంకా, మీకు రాని వేగంలోనే రోజూ సాధన చేస్తున్నారు. మొదటిదాన్ని ఈ రాత్రికే సరిచేసుకోవచ్చు. మిగతా రెండింటికీ కొన్ని వారాలు పడుతుంది. వదిలేయాల్సిన అవసరం మాత్రం లేదు.

నేను ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో కూడా చెప్పాలి. విజయవాడలో ఆరేళ్లు మృదంగం నేర్చుకున్నాను. కాలేజీ రోజుల్లో స్నేహితుడి గదిలో గిటార్ హీరోతో మొదలుపెట్టి ఓసు, టైకో, బీట్ సేబర్ లాంటి లయ గేమ్స్ అన్నీ ఏళ్ల తరబడి ఆడాను. ఇంట్లో పిల్లలకు, ఆఫీసులో వాళ్లకు కలిపి ఓ పదిమందికి పైగా నేర్పాను. కింద చెప్పేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు రియాక్షన్ సంగతి తేల్చేద్దాం. ఏదైనా వెలుగు కనబడగానే బటన్ నొక్కమంటే మామూలు మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. ఓసులో ఏఆర్ (నోట్ ఎంత ముందుగా కనబడాలో చెప్పే అంకె) 9 ఉన్న మ్యాప్‌లో నోట్ తెరమీదికి వచ్చిన 600 మిల్లీసెకన్లకు గానీ దాన్ని కొట్టాల్సిన క్షణం రాదు. అంటే మీకు కావలసిన దానికంటే రెట్టింపు సమయం ఉంది. మరి ఎందుకు తప్పుతోంది? ఎందుకంటే అక్కడ అడుగుతున్నది ‘ఎంత త్వరగా’ అని కాదు, ‘సరిగ్గా ఎప్పుడు’ అని. ఓడీ (టైమింగ్ ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పే అంకె) 8 ఉన్న మ్యాప్‌లో పూర్తి 300 మార్కులు రావాలంటే బీట్‌కు అటూ ఇటూ 32 మిల్లీసెకన్లలోపు కొట్టాలి. చూసి స్పందించడానికే 200 పట్టేవాళ్లు 32లోపు కొట్టడం కుదిరే పని కాదు. అయినా ప్రపంచంలో లక్షలమంది కొడుతున్నారు. ఎవరూ స్పందించి కొట్టడం లేదు, ముందే తెలిసి కొడుతున్నారు.

ఇది మీకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో ఊరేగింపు వెళ్తుంటే తీన్‌మార్ దెబ్బకు కాలు వేసేవాళ్లను చూడండి. దెబ్బ విన్నాక ఎవరూ కాలు ఎత్తరు. దెబ్బ పడే క్షణానికి కాలు నేలమీద ఉంటుంది. కోలాటంలో ఎదుటివాళ్ల కర్ర వచ్చేదాకా చూసి మన కర్ర కదిపితే రెండూ కలవవు. లయ అంటేనే తర్వాతిది ఎప్పుడు వస్తుందో ఒంటికి ముందే తెలిసి ఉండటం. దీని మీద ప్రయోగాలు కూడా చాలా జరిగాయి. మెట్రోనోమ్‌తో పాటు వేలితో తట్టమంటే చాలామంది శబ్దం రావడానికి కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే తడతారు. వాళ్లకు శబ్దంతో పాటే తట్టినట్టు అనిపిస్తుంది. సంగీతం నేర్చినవాళ్లలో ఈ తేడా తక్కువగా ఉంటుంది. అంటే ఇది సాధనతో సరయ్యే విషయమే.

మా పిన్నికి 58 ఏళ్లు. కిందటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు వీఆర్ హెడ్‌సెట్ తీసుకెళ్లాను. బీట్ సేబర్‌లో ఎరుపు దిమ్మెలు ఎడమ చేతికి, నీలం కుడి చేతికి, బాణం చూపిన వైపుకు కోయాలి. మొదటిసారి పిన్ని అన్నీ ఆలస్యంగా కోసింది, పాట మధ్యలోనే ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆవిడ దిమ్మెలు రాకముందే మోకాళ్లు కొద్దిగా వంచి, పాటకు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కోలాటం వేసేది. ఆ ఊపులో చేతులు వాటంతట అవే తిరిగాయి. నార్మల్ పాట చివరిదాకా వెళ్లింది. హెడ్‌సెట్ తీశాక దిమ్మెలు ఏ రంగువో కూడా సరిగ్గా చూడలేదని చెప్పింది. అక్కడే ఉన్న మా అన్నయ్య కొడుకు, 19 ఏళ్లవాడు, షూటింగ్ గేమ్స్‌లో చాలా చురుకు. ఆ రాత్రంతా హార్డ్ దాటలేకపోయాడు. వచ్చిన ప్రతి దిమ్మెనూ విడిగా చూసి, విడిగా కోయబోయాడు. వాడి రియాక్షన్ పిన్నికంటే ఎన్నో రెట్లు నయం. దానివల్ల ఉపయోగం లేకపోయింది.

(బీట్ సేబర్ స్కోరులో అసలు టైమింగ్‌కు మార్కులు లేవని చాలామందికి తెలియదు. ఒక్కో దిమ్మెకు 115. కోసే ముందు చెయ్యి తిప్పినందుకు 70, కోసిన తర్వాత చెయ్యి సాగినందుకు 30, సరిగ్గా మధ్యలో కోసినందుకు 15. ఓసు అలా కాదు, అక్కడ టైమింగే ప్రాణం. అందుకే ఒకదాంట్లో బాగా ఆడేవాళ్లు రెండోదాంట్లో మొదట తడబడతారు.)

ఇక ఇయర్‌బడ్స్. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరడానికి 150 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం సర్వసాధారణం. వీడియో చూసేటప్పుడు అది మనకు తెలియదు. ప్లేయర్ బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి రెండింటినీ కలిపేస్తుంది. గేమ్ అలా చేయలేదు, మీ వేలు ఇప్పుడే నొక్కుతోంది కదా. 180 బీపీఎం (నిమిషానికి 180 బీట్లు) పాటలో బీట్‌కు నాలుగేసి నోట్లు ఉంటే నోట్‌కూ నోట్‌కూ మధ్య 83 మిల్లీసెకన్లు. అంటే మీరు వింటున్న పాట గేమ్ కంటే రెండు నోట్లు వెనక ఉంది. చెవి ఒకటి చెబుతోంది, కన్ను ఇంకొకటి చెబుతోంది. నెమ్మది మ్యాప్‌లలో మీరు చెవిని పక్కనపెట్టి కంటితో నెట్టుకొచ్చారు. ఇన్సేన్‌లో కన్ను ఒక్కటే చాలదు. అందుకే అక్కడ ఆగారు.

పాటకూ నోట్లకూ మధ్య తేడాను సరిచేసే ఆఫ్‌సెట్ సెట్టింగ్ మార్చి సరిపెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే కుదిరేది. బ్లూటూత్‌లో అది రోజుకోలా మారుతుంది. నేను ఒకప్పుడు మూడు నెలలు అలాగే ఆడి, పాట కంటే ముందు కొట్టడం అలవాటు చేసుకున్నాను. వైరు ఇయర్‌ఫోన్స్‌కు మారిన రోజు ప్రతి నోటూ ముందే పడింది. ఆ అలవాటు పోవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. మీకు అది వద్దు. రెండు మూడు వందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. మెకానికల్ కీబోర్డు, పెన్ టాబ్లెట్, 144 హెర్ట్జ్ మానిటర్ ఇప్పుడేమీ కొనకండి. మీ స్థాయిలో వాటివల్ల వచ్చే తేడా చాలా తక్కువ.

వైరు పెట్టుకున్నాక మీకు బాగా వచ్చిన ఒక హార్డ్ మ్యాప్ ఆడి, అయిపోయాక వచ్చే ఫలితాల పేజీలో టైమింగ్ గ్రాఫ్ చూడండి. మీరు కొట్టిన దెబ్బలన్నీ మధ్యగీతకు ఎటు ఎంత దూరంలో పడ్డాయో అది చూపిస్తుంది. ఆ గ్రాఫ్ చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. దెబ్బలు పేరుకున్న గుట్ట సన్నగా ఉండి ఒక పక్కకు జరిగి ఉంటే మీ చెయ్యి స్థిరంగానే ఉంది, ఆఫ్‌సెట్ తప్పు. సెట్టింగ్‌లో సరిచేస్తే చాలు. గుట్ట మధ్యలోనే ఉండి వెడల్పుగా పరుచుకుని ఉంటే చెయ్యి నిలకడగా లేదు, సాధన కావాలి. పక్కనే అన్‌స్టేబుల్ రేట్ అని ఒక అంకె ఉంటుంది. మీ దెబ్బలు ఎంత చెదిరాయో కొలిచి పదితో గుణించిన అంకె అది. 100 అంటే చెదురు సుమారు 10 మిల్లీసెకన్లు. కొత్తల్లో 200 దాటినా కంగారు పడకండి. నెల నెలా అది తగ్గుతోందా లేదా అన్నదే చూసుకోండి. మిస్‌ల లెక్క కంటే ఇది నిజం చెబుతుంది.

చూసి కొట్టడం మానేసి విని కొట్టడం ఎలా అంటే, నాకు తెలిసిన ఒకే దారి నోరు. మా మృదంగం గురువుగారు జతి నోటితో తడబడకుండా చెప్పేదాకా వాయిద్యం మీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. అప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు ఎవరికి ఓసు నేర్పినా నేనూ అదే చేయిస్తున్నాను. మ్యాప్ తెరిచి, ఆటో (గేమ్ తనంతట తానే ఆడే పద్ధతి) పెట్టి, కీబోర్డు ముట్టుకోకుండా నోట్లు పడుతుంటే నోటితో పలకండి. బీట్‌కు నాలుగు నోట్లు పడితే ‘తకధిమి’. మూడు పడితే ‘తకిట’. మీకు సంగీతం రాకపోయినా ఫర్వాలేదు, ఈ రెండు మాటలు చాలు.

ఇక్కడ ఒక చోట దాదాపు అందరూ పడతారు, మీరూ పడుతున్నారని నా అనుమానం. ఓసులో ‘ట్రిపుల్’ అని పిలిచే మూడు నోట్ల గుంపు ఉంటుంది. మూడు నోట్లు కనబడగానే మనసు ‘తకిట’ అంటుంది. చాలా మ్యాప్‌లలో అది తకిట కాదు. అది తకధిమిలో మొదటి మూడు అక్షరాలు, నాలుగోది మౌనం. ‘త, క, ధి, ఖాళీ’. తేడా ఎంతో లెక్క వేద్దాం. 180 బీపీఎంలో బీట్‌ను నాలుగు చేస్తే ఒక్కో అక్షరం 83 మిల్లీసెకన్లు, మూడు చేస్తే 111. మీరు తకిట అనుకుని కొడితే రెండో నోట్ 28 ఆలస్యం. 32లోపే ఉంది కాబట్టి 300 వచ్చేస్తుంది, తప్పు తెలియదు. మూడో నోట్ 56 ఆలస్యం, 100కు పడిపోతుంది. దాని వెనకే ఇంకో గుంపు వస్తుంటే చెయ్యి తొందరపడుతుంది, బిగుసుకుంటుంది. మీరు చెప్పిన ‘సగంలో చేతులు బిగుసుకుపోవడం’ ఇలాగే మొదలవుతుంది. చేతిలో బలం లేక కాదు, లెక్క తప్పి. నోటితో పలికి చూస్తే ఏది మూడో, ఏది నాలుగులో మూడో వెంటనే తెలిసిపోతుంది. మన సినిమా పాటల్లో తకిట నడక చాలా ఎక్కువ కాబట్టి మన చెవికి ఆ లాగుడు ఇంకాస్త బలంగా ఉంటుందని నాకనిపిస్తుంది.

వేగం సంగతి. మీకు రాని ఇన్సేన్ మ్యాప్‌ను రోజుకు ఇరవైసార్లు ఆడుతున్నానని రాశారు. దానివల్ల చెయ్యి తప్పునే కంఠస్థం చేసుకుంటుంది. హాఫ్ టైమ్ అనే మాడ్ ఉంది, పాటను 0.75 వేగానికి దించుతుంది. 180 కాస్తా 135 అవుతుంది. అందులో వరుసగా మూడుసార్లు తొణకకుండా వచ్చాకే మామూలు వేగానికి వెళ్లండి. రోజుకు అరగంట, అందులో సగం మీకు సులువైన మ్యాప్‌లే ఆడండి. సులువైన మ్యాప్ ఆడటం టైమ్ వేస్ట్ అనుకోకండి, ఆ గ్రాఫ్‌లో గుట్ట సన్నబడేది అక్కడే.

బాగా నెమ్మది పాటలు కూడా వారానికి కొన్ని ఆడండి. అవి సులువనుకుంటారు, నిజానికి అవే కష్టం. 60 బీపీఎంలో బీట్‌కూ బీట్‌కూ మధ్య పూర్తి ఒక సెకను. ఆ ఖాళీలో మనసు జారిపోతుంది. కచేరీల్లో విళంబ కాలం నిలబెట్టడమే కష్టమని ఊరికే అనరు. ఆ సెకనును లోపల నాలుగు చేసి ‘తకధిమి’ అనుకుంటూ ఉంటే నిలుస్తుంది.

నోట్లు మీద పడిపోతున్నట్టు అనిపిస్తే ఇంకో విషయం. పైనుంచి నోట్లు కిందికి దిగే గేమ్స్‌లో కొత్తవాళ్లు నోట్ల వేగం తగ్గించుకుంటారు. దాన్ని పెంచాలి. తగ్గిస్తే తెర మీద నోట్లన్నీ ఒకదాని మీద ఒకటి ఇరుక్కుంటాయి, విడదీసి చదవలేరు. పెంచితే మధ్యలో ఖాళీ వస్తుంది. పాట వేగం ఏమీ మారదు. చూపు నోట్ కొట్టాల్సిన గీత మీద కాకుండా దానికి కాస్త ముందు ఉండాలి. పుస్తకం పైకి చదివేటప్పుడు నోటికంటే కన్ను రెండు మాటలు ముందుంటుంది కదా, అలాగే.

చెవికి మాత్రమే శిక్షణ కావాలంటే ‘ఎ డాన్స్ ఆఫ్ ఫైర్ అండ్ ఐస్’ ఆడమంటాను. ఒక్కటే బటన్. రెండు గ్రహాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ దారి వెంట వెళ్తాయి. దారి తిన్నగా ఉంటే ఒక బీట్, లంబంగా లోపలికి తిరిగితే సగం బీట్. లయ ఆకారంలో కనబడుతుంది. క్షమించే గేమ్ కాదు, ఒక్క తప్పుకు మొదటికి పంపుతుంది. నెలరోజులు ఆడితే ఓసులో తేడా తెలుస్తుంది. నేను నేర్పినవాళ్లలో నలుగురికి ఇది పనిచేసింది, ఇద్దరికి అసలు నచ్చలేదు.

వయసు గురించి నిజం దాచను. 250 బీపీఎం స్ట్రీమ్‌లు (ఆగకుండా వరసగా వచ్చే నోట్లు) నిమిషాలపాటు కొట్టేవాళ్లు రోజుకు గంటల తరబడి ఏళ్లపాటు ఆడినవాళ్లు. చదువుకునే వయసులో ఆ తీరిక ఉంటుంది, మనకు ఉండదు. అక్కడికి మీరూ నేనూ చేరకపోవచ్చు. ఇన్సేన్ మాత్రం ఆ కోవలోది కాదు. నేను నేర్పినవాళ్లలో ఒకాయన 41 ఏళ్లకు మొదలుపెట్టి ఏడాదిన్నరలో ఇన్సేన్ దాటారు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. మణికట్టులో గానీ ముంజేతిలో గానీ నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేయండి. అలసట వేరు, నొప్పి వేరు. ఒకసారి సెలవుల్లో వారంపాటు రోజుకు ఆరేసి గంటలు ఆడి, తర్వాత మూడు వారాలు కీబోర్డు ముట్టుకోలేకపోయాను. ఆఫీసు పని కూడా దెబ్బతింది. వేళ్లు కీ మీద నుంచి ఎత్తి కొట్టకండి, ఆనించి ఉంచి నొక్కండి. భుజాలు పైకి లేస్తున్నాయని తెలిస్తే ఒక్కసారి ఊపిరి వదలండి. తిమ్మిరి, నొప్పి వారం దాటి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక మీ చివరి మాట, ఇందులో ఏం దొరుకుతుందని. 1996లో జపాన్‌లో వచ్చిన పారాప్ప ద రాపర్‌ను ఈ తరహా గేమ్స్‌కు దారి వేసినదిగా చెబుతారు. మరుసటి ఏడాది కొనామి బీట్‌మేనియా తెచ్చింది. ఐదు మీటలు, ఒక తిరిగే పళ్లెం. అందులో నాకు అద్భుతం అనిపించే సంగతి ఒకటుంది. మీట నొక్కితే ఆ పాటలోని ఆ స్వరమే మోగుతుంది. నొక్కకపోతే పాటలో అక్కడ ఖాళీ పడుతుంది. గిటార్ హీరోలో కూడా తప్పితే గిటార్ మూగబోతుంది. వేరే గేమ్‌లో ఓడిపోతే తెరమీద ఓడిపోయావని రాసి వస్తుంది. ఇక్కడ మన తప్పు పాటలోనే వినిపిస్తుంది. సరిగ్గా కొట్టినప్పుడు ఆ పాటను మనమే నిలబెడుతున్నాం అనిపిస్తుంది. మృదంగం మొదటిసారి ఒక కీర్తనకు చివరిదాకా తప్పు లేకుండా వాయించిన రోజు నాకు కలిగింది అదే. ఎనిమిది నెలలు కొట్టుకున్న మ్యాప్ ఒక రాత్రి ఫుల్ కాంబో (ఒక్క నోటూ తప్పకుండా) వచ్చినప్పుడూ అదే.

ఇంకొకటి, ఇందులో అదృష్టం లేదు. అదే పాట, అవే నోట్లు, అదే చోట. నిన్న రానిది ఇవాళ వచ్చిందంటే మారింది మీరే. ఆఫీసులో రోజంతా చేసిన పనికి ఫలితం ఏమిటో తెలియని వాళ్లకు ఇది ఎంత ఊరటో నాకు తెలుసు.

ముందు వైరు ఇయర్‌ఫోన్స్ తెచ్చుకుని ఒక వారం హార్డ్ మ్యాప్‌లే ఆడండి. తర్వాత ఆ టైమింగ్ గ్రాఫ్, మీరు ఆగిపోయే మ్యాప్ పేరు ఇక్కడే కింద పెట్టండి. ఆ గుంపులు మూడో, నాలుగులో మూడో నేను చూసి పలికి రాస్తాను.